మొగ తెరిచిన తగాదా

ఆ పేటలో ఆమెను అందరూ పుల్లవిరుపత్త అనేవాళ్లు. ఆమె కంటే పెద్దవాళ్లు కూడా అత్తా అనే పిలిచేవాళ్లు. "బాగున్నావా అత్తా" అని పలకరిస్తే, "బాగుండకపోతే నువ్వొచ్చి బాగుచేస్తావా" అనే రకం. అనాల్సింది అనేసి, అవతలివాడి మొహం ఎలా మాడిందో చూడటానికైనా తల ఎత్తకుండా, వలకంతలో సూది దూర్చుకుంటూ పోయేది.

పుట్టుకతో ఆమె నీళ్లమనిషి కాదు. ఇటుకల బట్టీ దగ్గర పుట్టి, ఆ బూడిదలోనే పెరిగింది. పెళ్లయి ఉప్పుటేటి ఒడ్డుకి కాపురానికి వచ్చిన కొత్తలో పడవ ఎక్కాలంటే కళ్లు గట్టిగా మూసుకునేది. అది చూసి అత్తగారు, "బట్టీ నుంచి వస్తోందంటే కాలిన ఇటుకే అనుకున్నా. పచ్చిది అంటగట్టారు" అంది. ఆ మాటకి ఆమె పొయ్యి వెనక కూర్చుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి విసుగొచ్చి, ఎదురు అనడం నేర్చుకుంది. వల అల్లడం, పీతల బుట్టలు దించడం, చేపను వాసన చూసి నిన్నటిదో మొన్నటిదో చెప్పడం అన్నీ అత్తగారి దగ్గర నేర్చుకున్నవే. కానీ అన్నిటికంటే బాగా వంటబట్టింది మాత్రం ఆవిడ ఎత్తిపొడుపు. మొగుడు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆ మోతకి ఆయనకి ఒక చెవి పోయింది. ఇంట్లో ఆయన ఎప్పుడూ ఆ పోయిన చెవి భార్య వైపుకి పెట్టుకుని కూర్చునేవాడు. వాళ్ల కాపురం నల్లేరు మీద నడకలా సాగడానికి అదే కారణమని పేటలో ఓ మాట ఉంది.

ఆ పేట బతుకంతా మొగ మీద ఆధారపడింది. ఉప్పుటేరు వెళ్లి సముద్రంలో కలిసే నోటిని అక్కడ మొగ అంటారు. ఎండలు ముదిరేసరికి సముద్రం ఇసుక మోసుకొచ్చి ఆ నోటికి అడ్డంగా పోస్తుంది. మొగ పూడిపోతుంది. వానలు పడి ఏట్లోకి నీరు చేరితే, పోయే దారి లేక అది వెనక్కి తన్ని పల్లపు సందుల్లోకి ఎక్కుతుంది. అప్పుడు ఆ ఇసుకకి గండి కొట్టాలి. తొందరపడి కొడితే ఏట్లో ఎదుగుతున్న రొయ్యపిల్లా చేపపిల్లా సముద్రం పాలవుతుంది. ఆలస్యం చేస్తే ఇళ్లు మునుగుతాయి, నీరు మురిగి పీతలు చస్తాయి.

మరి ఎప్పుడు కొట్టాలో ఎవరికి తెలుసు అంటే, ఏ ఒక్కరికీ తెలియదు. అందుకే అందరూ ఒడ్డుకి చేరి నోళ్లు చేసుకునేవాళ్లు. రొయ్యల వలలవాళ్లు ఇంకా ఆగాలనేవాళ్లు. పల్లపు సందువాళ్లు ఇప్పుడే, ఈ పూటే అనేవాళ్లు. పడవలవాళ్లు చోటు దగ్గర పేచీ పెట్టేవాళ్లు. ఆ కేకల మధ్యలోనే ఒకడు ఏటి నీరు ఎర్రబారిందనేవాడు, ఒకామె తన బావిలో ఉప్పదనం చచ్చిందనేది, ఇంకొకడు నిన్నటి కెరటం ఎక్కడ విరిగిందో నువ్వు చూశావా, చూసే మొహమేనా అని అడిగేవాడు. తాతల నాటి రంకులు కూడా బయటపడేవి. గొంతులు బొంగురుపోయాక ఎలాగో ఒక రోజు ఖాయమయ్యేది. ఆ రోజు పాటు వేళకి, అంటే సముద్రం వెనక్కి లాగే వేళకి, అందరూ పారలు పట్టుకుని వచ్చి తిట్టుకుంటూనే తవ్వేవాళ్లు. అత్తగారు బతికున్నన్నాళ్లు ఆ ఒడ్డున ఆవిడదే పెద్ద గొంతు. ఆవిడ పోయాక ఆ ఆస్తి కోడలికి దక్కింది.

ఆ కోడలికి సరిజోడు ఐసమ్మ. పల్లపు సందు మొదట్లో ఐసు కొట్టు పెట్టుకుని చేపలవాళ్లకి గడ్డలు కొట్టి అమ్మేది. ఐసు కప్పిన రంపపు పొట్టులో చేతులు పెట్టీ పెట్టీ వేళ్లు మొద్దుబారాయి గానీ నాలుక మొద్దుబారలేదు. ఎప్పుడో ఒక పీతల బుట్ట దగ్గర మొదలైన గొడవ వాళ్లిద్దరిదీ. ఆ బుట్ట కుళ్లి మట్టిలో కలిసినా, గొడవ మాత్రం ఐసులో పెట్టినట్టు తాజాగా ఉండిపోయింది.

ఇలా సాగుతుండగా తీరం బాగోగులు చూసే ఆఫీసు ఒకటి పట్నంలో వెలిసింది. వాళ్లు వచ్చీ రాగానే మొగకి దక్షిణం పక్కన, షికారు వచ్చేవాళ్లు నడవడానికని, సముద్రంలోకి ఓ రాతిగోడ కట్టారు. అప్పుడు పేటవాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. గోడ కట్టాక పైనుంచి కొత్త మాట దిగింది. స్థానికుల జ్ఞానం కావాలి, ప్రజల భాగస్వామ్యం కావాలి. అంతే, సందుల్లో పాత ఇనుము కొనేవాడిలా, మీ దగ్గర పాత జ్ఞానం ఏమైనా ఉందా అంటూ బయలుదేరారు.

మొదట పుల్లవిరుపత్త దగ్గరికే వచ్చింది ఓ ఆఫీసరమ్మ. ఎండకి టోపీ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మర్యాద ఉట్టిపడే మాట.

"అమ్మా, మీ పూర్వీకుల నుంచి వచ్చిన జ్ఞానం గురించి కాస్త చెప్తారా?"

"మా పూర్వీకులు ఇటుకలు కాల్చారు. చెప్పనా?"

ఆఫీసరమ్మ నవ్వింది. "అది కాదమ్మా. మొగ ఎప్పుడు తెరవాలో మీరెలా తేల్చుకుంటారు?"

"కొట్టుకుంటాం."

"అంటే... ఏవైనా గుర్తులు చూస్తారా?"

"గుర్తులా? ఇదిగో." పుల్లవిరుపత్త మోచెయ్యి చాపి చూపించింది. "ఐసమ్మ పార కామ తగిలింది. మాననే లేదు."

ఇలాంటి జ్ఞానం ఆఫీసుకి పనికిరాదు. వాళ్లకి కావలసింది ఒక పెద్దమనిషి, ఆయన చెప్పే ఒక కథ. అడగందే పెట్టే దేవుడిలా ఆ మనిషి వాళ్లకి దొరికాడు. పుల్లవిరుపత్తకి స్వయానా మరిది. పేటలో మైకు అంటారు. ఆటోకి మైకు కట్టుకుని, దుప్పట్లు తక్కువ ధరకి అమ్ముతున్నారని, పళ్ల డాక్టరు వచ్చాడని ఊరంతా చాటింపు వేసేవాడు. పడవ ఎక్కితే కడుపులోది బయటికొస్తుంది కాబట్టి నీళ్ల వైపు కన్నెత్తి చూడడు. అలాంటివాడు ఆఫీసువాళ్ల ముందు గొంతు సవరించుకుని, "మా తాత ఎండ్రకాయల నడక చూసి మొగ తెరిచేవాడండీ. ఎండ్రకాయ ఎడమకి నడిస్తే ఆగాలి, కుడికి నడిస్తే కొట్టాలి" అన్నాడు.

వాళ్ల తాత గొర్రెలు కాసుకునేవాడు. ఎండ్రకాయని చూస్తే చెట్టెక్కేవాడని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆఫీసు మురిసిపోయింది. మైకుని సంప్రదాయ జ్ఞాన ప్రతినిధిని చేసింది. రాతిగోడ మొదట్లో రంగుల బోర్డు పెట్టి దాని మీద పెద్ద ఎండ్రకాయని వేయించింది. షికారు వచ్చినవాళ్లు ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. ఓ సాయంత్రం మైకు ఇంటికొచ్చి, మెడలో వేలాడే కార్డు తీసి వదినకి చూపించాడు.

"వదినా, ఇకనుంచి మన కుటుంబానికి ఓ గౌరవం వచ్చింది."

"వచ్చిందా? చాప వేసి కూర్చోబెట్టు, పోతుందేమో."

"నీకు అన్నీ వెటకారమే. పాత సంగతులు చెప్పేవాడు ఒకడు ఉండాలి కదా."

"పాతవి చెప్తే బాగానే ఉండేది. నువ్వు పొద్దున పుట్టించి సాయంత్రానికి పాతవి చేస్తున్నావు."

పక్కనే కూర్చున్న అన్నగారికి ఇవేమీ వినపడలేదు. లేదా వినపడనట్టు ఉన్నాడు.

తర్వాత, మొగ ఎప్పుడు కొట్టాలో తేల్చడానికని ఆఫీసు ఒక సంఘం పెట్టింది. పేటవాళ్లందరినీ ఫ్యాన్లు తిరిగే హాల్లో, వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. తలా ఒక నీలం టోపీ ఇచ్చారు. అరవకూడదు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి అన్నారు. అక్కడే పుట్టి మునిగింది. అవతలివాడు తప్పుడు కూత కూస్తే కదా ఇవతలివాడికి నిజం గుర్తొచ్చేది. వంతు ప్రకారం మాట్లాడమంటే ఎవరికీ ఏమీ తోచలేదు. లేచినవాడల్లా "అంతా బాగుంది" అని కూర్చున్నాడు. బావిలో ఉప్పు సంగతి చెప్పే ఆమె ఫ్యాను గాలికి నిద్రపోయింది. ఐసమ్మ టోపీని బుట్టలో వేసుకుని, ఇంటికెళ్లి గడ్డ మీద కప్పింది. పుల్లవిరుపత్త మొదటి రోజు వెళ్లి, గుమ్మంలోంచే చూసి, "బాగుంది, పెళ్లిచూపుల్లా ఉంది. పిల్ల ఎవరు, మన ఏరేనా?" అని వెనక్కి వచ్చేసింది.

తప్పు ఆఫీసుది ఒక్కదానిదే అంటే ఒళ్లు మండేది ఆమెకి. నీలం టోపీలు పెట్టుకుని గంగిరెద్దుల్లా తలలూపింది ఎవరు? తాను మాత్రం? నాలుగు సూటిపోటి మాటలు విసిరి ఇంటికొచ్చి వల ముందు కూర్చుంది. నీరు కాళ్ల కిందికి వచ్చేదాకా అదే పెద్ద ఘనకార్యం అనుకుంది.

ఆ ఏడు వానలు కుండపోతగా పడ్డాయి. ఏరు నిండి, పల్లపు సందులో మెట్లెక్కింది. చేపలు పైకి తేలి నోళ్లు తెరవసాగాయి. బుట్ట ఎత్తితే పీతలు కాళ్లు ముడుచుకుని కదలకుండా వస్తున్నాయి. ఐసమ్మ కొట్టులోకి రాత్రికి రాత్రే నీరు దూరి గడ్డలన్నీ కరిగి, రంపపు పొట్టు సందంతా తేలింది. మొగ కొట్టాలంటే సంఘం తీర్మానం కావాలి. తీర్మానం ఎప్పుడో అయిపోయింది, కానీ ముఖ్య అతిథికి ఆదివారం దాకా తీరిక లేదు. ఆయన వచ్చి మొదటి పార వేయాలి.

ఈసారి పుల్లవిరుపత్త హాల్లోకి నడిచింది. తడిసిన చీర కుచ్చెళ్లు పట్టుకుని, మాట్లాడుతున్నవాడి చేతిలోంచి మైకు లాక్కుంది.

"మీ అతిథికి ఆదివారం తీరికట. నీటికి ఇవాళే తీరికైంది, మా ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. చచ్చిన పీత ఆదివారం దాకా ఆగి లేస్తుందా? ఎండ్రకాయ కుడికి నడిచిందో ఎడమకి నడిచిందో చూడటానికి ఎండ్రకాయ మిగలాలి కదా! సిగ్గుంటే లేవండి. లేకపోతే ఆ టోపీలతో నీళ్లు తోడుకోండి."

ముందు వరసలో ఆఫీసు పెద్ద ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి అందరూ కొట్టారు. "అద్భుతం. ఇదే మాకు కావలసింది. గ్రామీణ మహిళ గొంతుక! రికార్డయిందా?" అన్నాడాయన పక్కకి తిరిగి. ఎవరో ఆమెకి బిస్కెట్ల పళ్లెం అందించారు.

తిడితే మొహం మాడ్చుకునేవాళ్లని చూసింది, తిరిగి తిట్టేవాళ్లని చూసింది. తిడితే చప్పట్లు కొట్టేవాళ్లని ఆమె బతుకులో ఎన్నడూ చూడలేదు. పళ్లెం కుర్చీలో పెట్టి బయటికి వచ్చేసింది. మెట్ల దగ్గర ఆఫీసరమ్మ వెనకే వచ్చి మెల్లగా అంది.

"మీరన్నది నిజమేనమ్మా. ఆదివారం దాకా ఆగకూడదు. గోడ కట్టాక ఇసుక పడే తీరు కూడా మారింది. నాకు తెలుసు."

"తెలుసా? మరి లోపల చెప్పలేదేం?"

ఆఫీసరమ్మ వెనక్కి తిరిగి హాలు తలుపు వంక చూసింది.

"తెలియక వాగేవాడిని ఇంట్లో ఒకడిని భరిస్తున్నాను. తెలిసీ నోరు మూసుకునేవాళ్లని భరించే ఓపిక నాకు లేదమ్మా" అని పుల్లవిరుపత్త నడిచిపోయింది.

మర్నాడు ఉదయం పాటు వేళకి ఆమె పార భుజాన వేసుకుని ఇసుక మేట మీదికి వెళ్లింది. అత్తగారు ఎప్పుడూ నిలబడే చోటు, పాత పడవల షెడ్డుకి ఎదురుగా, అక్కడ తవ్వడం మొదలుపెట్టింది. మొగుడు వెనకే వచ్చాడు. ఏమీ అడగకుండా ఆమె తీసిన ఇసుకని పక్కకి నెట్టసాగాడు. ఒడ్డున జనం పోగయ్యారు. ఎవరూ దిగలేదు. సంఘం ఏమంటుందో అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆమె కూడా ఎవరినీ పిలవలేదు. పిలిస్తే వస్తారనే నమ్మకం లేదు.

అప్పుడు వచ్చింది ఐసమ్మ. కొంగు నడుముకి చుట్టి, ఐసు గడ్డలు పగలగొట్టే గునపం చేత్తో పట్టుకుని, మేట మీదికి ఎక్కి, ఒక చూపు చూసి, "అక్కడెవరు తవ్వమన్నారే నిన్ను?" అంది.

"మా అత్త."

"మీ అత్త పోయినప్పుడు గోడ లేదు. ఆ గోడ వచ్చాక ఇసుకంతా ఇక్కడే గుట్ట పడుతోంది. ఇక్కడ తవ్వితే నీ పిండాకూడు నాటికి నీళ్లొస్తాయి. గోడ పక్కన చూడు, మేట వీపు ఎలా పలచబడిందో!"

"రోజంతా పొట్టులో చేతులు పెట్టుకునేదానివి, నీకేం తెలుసు మేట సంగతి?"

"ఇటుకలదానికి తెలియగా లేంది నాకు తెలియదా?"

ఇక గొడవ అందుకుంది. ఇటుకల నుంచి పీతల బుట్ట దాకా, బుట్ట నుంచి అత్తల నడవడి దాకా వెళ్లింది. ఒడ్డున ఉన్నవాళ్లు వినీ వినీ ఉండబట్టలేకపోయారు. పడవవాడు ఒకడు దిగి వచ్చి ఐసమ్మ చెప్పిందే నిజమన్నాడు. రొయ్యల వలవాడు వాడి మీదికి లేచి, గోడ పక్కన కొడితే పడవలు రాళ్లకి తగులుతాయన్నాడు. బావి ఆమె నిద్ర మత్తు దిగినట్టు వచ్చి, గోడ అవతల నిన్న తాను చూసిన నురగ సంగతి ఎత్తింది. నీలం టోపీలు ఇసుకలో పడ్డాయి. కొంతమంది పుల్లవిరుపత్త వైపు, కొంతమంది ఐసమ్మ వైపు, నీ చోటా నా చోటా చూద్దాం అంటూ రెండు చోట్లా తవ్వకం మొదలైంది.

మధ్యలో మైకు పరుగెత్తుకొచ్చాడు. "వదినా, ఆపండి! ఆదివారం దాకా ఆగండి, నా పరువు పోతుంది!"

"నీ ఇంట్లోకి నీళ్లొచ్చాయా?"

"మంచం దాకా వచ్చాయి."

"మరి పరువు ఎక్కడుంది, అటక మీదా?"

అతను ఇసుకలో కూలబడ్డాడు. "వదినా, నేను చెప్పినవన్నీ ఉత్తివే. ఎండ్రకాయలూ లేవు, ఏమీ లేవు."

"ఆ సంగతి ఆఫీసుకి చెప్పు. పేటలో తెలియనివాడు లేడు" అని ఓ తట్ట అతని ఒళ్లోకి విసిరింది. అతను లేచి ఇసుక మోశాడు. అలవాటు లేని ఒళ్లు కదా, రెండు తట్టలకే రొప్పాడు. అయినా ఆగలేదు.

పుల్లవిరుపత్త గొయ్యి ఎంత లోతుకి వెళ్లినా ఇసుకే. అంచులు విరిగి పడుతున్నాయి. ఐసమ్మ వైపు మాత్రం మేట తొందరగా తెగింది. ఏటి నీరు ముందు సన్నటి దారంలా వచ్చింది, తర్వాత అరచేతి వెడల్పయింది, తర్వాత ఇసుకని తానే కొరుక్కుంటూ పెద్ద చప్పుడుతో సముద్రం మీద పడింది. కేకలు మిన్నంటాయి. ఐసమ్మ నడుం మీద చేతులు వేసుకుని ఇటు చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ మండించింది.

పుల్లవిరుపత్త తన గొయ్యి వంక చూసుకుంది. ఇన్నాళ్లూ అత్తగారి చోటు అని ఒక్కసారైనా కళ్లు తెరిచి చూడకుండా నిలబడింది తాను. ఎండ్రకాయల మైకుని వెక్కిరించింది గానీ, తనది మాత్రం ఏం గొప్ప? చెమట తుడుచుకుని, పార తీసుకుని గోడ పక్కకి నడిచింది.

"జరుగు. ఆ అంచు నిట్టనిలువుగా కోశావు, విరిగి నీ మీదే పడుతుంది. గండి కొట్టడం వస్తే సరిపోతుందా?"

"ఓడిపోయి కూడా నోరు ఆగదు దీనికి" అని ఐసమ్మ జరిగి చోటిచ్చింది.

ఆఫీసరమ్మ రాతిగోడ మీద నిలబడి అంతా చూసింది. ఆపలేదు. ఫోను మోగుతుంటే ఎత్తలేదు. అంత మాత్రం చేసింది.

సాయంత్రానికి సందుల్లో నీరు తీసింది. కానీ పీతల కాపు అప్పటికే చాలావరకు పోయింది. ఐసమ్మ కొట్టు గోడ నాని కూలింది. కాస్త ముందు కొడితే ఇవి మిగిలేవి. ఈ మాట ఏ హాల్లోనూ ఎవరూ అనలేదు.

ఆదివారం ముఖ్య అతిథి రానే వచ్చాడు. మొగ తెరిచే ఉంది కాబట్టి ఆఫీసువాళ్లు తీరికగా ఆలోచించి, పుల్లవిరుపత్త తవ్వి వదిలేసిన ఎండు గోతికి పూలు చుట్టి, ఆయన చేత అందులో ఓ పార వేయించారు. ఆయన చెమట తుడుచుకుంటూ, ఇంత సులువని తాను అనుకోలేదన్నాడు. పక్కనే నిలబడి మైకు వివరించాడు. ఈసారి ఎండ్రకాయలన్నీ గోడ వైపు నడిచాయట, అది చూసి తానే జనాన్ని కదిలించాడట. ఒళ్లో తట్ట పడినప్పటి ఏడుపు వారం తిరక్కుండానే ఇంకిపోయింది.

నెల తర్వాత ఆఫీసు వేసిన రంగుల పుస్తకంలో పుల్లవిరుపత్త ఫొటో అచ్చయింది. పార ఎత్తి, నోరు బార్లా తెరిచి, ఐసమ్మని ఆమె ఏడు తరాలతో సహా తిడుతుండగా ఎవరో తీసింది. కింద "తరతరాల శ్రమగీతాన్ని ఆలపిస్తున్న స్థానిక మహిళ" అని రాశారు. మొగుడు దాన్ని చదివి వినిపించాడు. ఆయన నవ్వగా ఆమె చూడటం ఎన్నాళ్లకో. ఆ తిట్లు మొత్తం ఆయనకి వినపడ్డాయన్న సంగతి ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆఫీసరమ్మకి బదిలీ అయింది. సంఘం ఇంకా ఉంది, హాలూ ఉంది, ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. ఐసమ్మ కొట్టు మళ్లీ లేపారు. గోడకి కావలసిన ఇటుకలు పుల్లవిరుపత్త పుట్టింటివాళ్ల బట్టీ నుంచే వచ్చాయి. అవి సరిగ్గా కాలలేదని ఐసమ్మ, చూసే కళ్లే సరిగ్గా లేవని ఆమె, ఇటుక ఇటుకకీ పేచీ పెట్టుకుంటూ కట్టించారు. ఆ మరుసటి ఏడు వానలు మొదలవగానే ఎవరూ పిలవకుండానే పేట మొత్తం ఒడ్డున చేరింది. ఆఫీసు నుంచి వచ్చిన కొత్త అతను కుర్చీలు వేయించబోతే, "ముందు కాళ్లు తడుపుకో బాబూ, తర్వాత కూర్చుందువు గాని" అంది పుల్లవిరుపత్త. అతను బూట్ల వంక చూసుకుని అక్కడే ఆగిపోయాడు. ఈలోగా ఐసమ్మ, గోడ పక్కన మేట ఈసారి మళ్లీ లావెక్కిందని మొదలుపెట్టింది.